స్టీరింగ్ ముందు కునుకు

ఉన్న ఒక్క శుక్రవారం సెలవునూ పక్కనబెట్టి వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టము.

మేము లారీలు నడిపేవాళ్లం కాదు, సైటు సూపర్‌వైజర్లం. కానీ సైటుకు ఇనుము, సిమెంటు, ప్రీకాస్ట్ గోడలు తెచ్చేది మన హెవీ డ్రైవర్లే. తెల్లారకముందు గేటు దగ్గర ట్రెయిలా ఆగితే కాగితాలు తీసుకునేది మేము. దిగిన మనిషి కళ్లు ఎట్లా ఉన్నాయో మొదట చూసేదీ మేమే. అందుకే ఈ మాట ఎత్తుకున్నాం.

జగిత్యాల, నిజామాబాద్ నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన డ్రైవర్లు సౌదీలో చాలామంది. దమ్మాం నుంచి రియాద్ సుమారు 400 కిలోమీటర్లు, రియాద్ నుంచి జిద్దా 950 దాకా. ఇక హరద్ నుంచి బత్హా బోర్డర్ వైపు సుమారు 240 కిలోమీటర్లు రోడ్డు తాడు పట్టి గీసినట్టే ఉంటుంది. మలుపు లేదు, గుట్ట లేదు, చెట్టు లేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎంత మంచి రోడ్డో అనుకుంటారు. పాతవాళ్లకు ఆ రోడ్డంటేనే భయం. ఊళ్లో గుంతల రోడ్డు మనిషిని పడుకోనివ్వదు, ఇది జోలపాట పాడుతుంది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. 80 స్పీడు మీద బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లకు 88 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే 12 మీటర్ల రాడ్లు ఏడు వరుసగా పేర్చిన దూరం, నడిపే మనిషి లేకుండా! ఆ దూరంలో ఒంటె అడ్డం రావచ్చు, ఆగిన బండి ఉండొచ్చు.

రాత్రి 2 నుంచి పొద్దున 6 దాకా, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ఒంట్లో నిద్ర బలం ఎక్కువ. 17 గంటలు వరుసగా మేలుకున్నవాడి చురుకు కొంచెం మందు తాగినవాడిలా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఎండాకాలం కాంక్రీటు రాత్రిపూటే పోస్తాం కాబట్టి లోడు కూడా రాత్రే రావాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని ఆపే రూలు మన సైటు కూలీకి నీడ ఇస్తుంది. ఆ టైములో డ్రైవర్ ఎక్కడో లైనులో ఉంటాడు. బోర్డర్ లైను కదిలినప్పుడల్లా బండి ముందుకు జరపాలి. కంపెనీ లెక్కలో అది రెస్టు, ఒంటి లెక్కలో కాదు.

జీతం తక్కువ, ట్రిప్పు పైసలు ఎక్కువ. వీసా అప్పు నెత్తిమీద ఉన్నవాణ్ని "ఇంకో ట్రిప్పు కొడతావా" అని అడిగితే వద్దనడానికి నోరు రాదు, మాకు తెలుసు. కానీ ఎదుటి మనిషి చనిపోతే కేసు, దియా డబ్బు. అది తేలేదాకా ఇంటికి పోనివ్వరు. సౌదీ కార్మిక చట్టం 5 గంటలకు మించి ఆగకుండా పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలని చెబుతుంది. ముదీర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఐరోపాలో అయితే నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే.

అద్దం దించడం, పాటలు పెట్టడం, మొహం మీద నీళ్లు చల్లడం కొద్ది నిమిషాలకే పనికొస్తాయి. చాయ్ పనిచేయడానికి 20 నిమిషాలో అరగంటో పడుతుంది. అందుకే పెట్రోల్ బంకులో వెలుతురున్న చోట బండి ఆపి, ముందు చాయ్ తాగి, వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టి పడుకోండి. రోడ్డు పక్కన మాత్రం ఆపొద్దు. లేచాక బండి చుట్టూ పది నిమిషాలు నడిచి, అప్పుడు ఎక్కండి. జలుబు, దురద మాత్రలు కొన్నిటికి మత్తు వస్తుంది, కొనేటప్పుడే అడగండి. గట్టిగా గురకపెట్టేవాళ్లు, రాత్రంతా పడుకున్నా పగలు తూగేవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి.

సూపర్‌వైజర్ అన్నలకూ ఒక మాట. మా సైటులో గేటు పక్క పోర్టా క్యాబిన్‌లో రెండు మంచాలు, ఏసీ పెట్టాం. రాత్రి వచ్చిన డ్రైవర్‌ను అక్కడ పడుకోబెడతాం. బండి జరపాల్సి వస్తే మా మనిషి, హెవీ లైసెన్సు ఉన్నవాడే, జరుపుతాడు. దీనివల్ల పని ఆగింది లేదు.

చివరగా ఫోను సంగతి. రాత్రి నడిపి పొద్దున 8కి పడుకుంటే ఇంటి దగ్గర పదిన్నర. అమ్మ, భార్య, పిల్లలు సరిగ్గా అప్పుడే ఫోను చేస్తారు, ప్రేమతోనే. ఏ టైముకు చేయాలో ముందే చెప్పి పెట్టండి, పడుకునేటప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టండి.