ఎండను విద్యుత్తుగా మార్చు విద్య

సిడ్నీ నగరమున న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమునందు, సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు పరిశోధనశాల యొకటి కలదు. ఆచార్య మార్టిన్ గ్రీన్ 1970 దశకమున దానిని చిన్నదిగా నారంభించెను.

సిలికాన్ పలకపై ఎండ పడగా అందలి విద్యుత్కణములు విడివడి ప్రవహించును. పలక వెనుకభాగమంతయు లోహము తాకియున్నచో, పెక్కు కణములు అచ్చటనే మరల కూడుకొని ప్రవాహమునకు దక్కకపోవును. చిల్లుకుండలో నీరు పోయుటకంటె ముందు చిల్లు పూడ్చుట మేలు గదా! వీరును అట్లే చేసిరి. నడుమ పలుచని పొర నుంచి, లోహమును సూక్ష్మబిందువులయందు మాత్రమే తాకనిచ్చిరి. 1985లో ఈ శాలవారి పలక నూటికి 20 పాళ్ల వెలుగును విద్యుత్తుగా మార్చినది. ఈ క్రొత్త పద్ధతిచే 1989లో అది 22.8 పాళ్లకు పెరిగెను.

రెండు మూడు పాళ్లు స్వల్పమనకుడు. అదే యింటికప్పున, అదే యెండకు, మరియొక దీపము వెలుగును.

అయినను ఆ పద్ధతి కర్మాగారములందు వ్యాపించుటకు రెండు దశాబ్దములకు పైగా పట్టెను. 2023లో గ్రీనుకును, ఆయన సహచరులు బ్లేకర్స్, వాంగ్, ఝావోలకును క్వీన్ ఎలిజబెత్ ఇంజనీరింగ్ పురస్కారము లభించెను.

చిరకాలము బడి చెప్పినవాడను గనుక విన్నవించుచున్నాను: విత్తిన విద్య మరునాడే పండదు. మన విశ్వవిద్యాలయములందలి చిన్న శాలలను ఫలమేదియని తొందరపెట్టక, ఓర్పుతో పోషింతము.