స్వయంకృషితో ప్రోగ్రామరు ఉద్యోగము: పంచాయతీలు చేయదగిన సహాయము

(గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

గ్రామపంచాయతీ సభ్యులారా,

మన పల్లెల యువతీయువకులు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు విద్యను తమంతట తాము నేర్చుకొని, దానివలన మొదటి ఉద్యోగము సంపాదించుకొను మార్గమును గూర్చి నేడు విచారింతము. ఇది పట్టణములకు, ఇంజనీరింగు కళాశాలలకు చెందిన సంగతి యని కొందరికి తోచవచ్చును. కాని డిగ్రీ ముగించి ఇంటివద్ద నున్న కుమారుని హైదరాబాదు పంపుటకై అర ఎకరము తాకట్టుపెట్టదలచిన తండ్రి, ముందుగా సలహా అడుగునది మిమ్మే. ఆ సలహా సరియైనదైనచో ఒక కుటుంబము నిలుచును. కానిచో భూమియు పోవును, కాలమును పోవును. కావున ఈ విషయము మీరు తెలిసికొనదగినదని మేము తలచుచున్నాము.

ప్రోగ్రామనగా కంప్యూటరునకు వరుసగా ఇచ్చు ఆజ్ఞల సముదాయము. మన ఇంటిపన్ను డిమాండు రిజిస్టరునే తీసికొందము. ఈ ఏటి పన్ను ఎంత, పాత బకాయి ఎంత, చెల్లినదెంత, మిగిలినదెంత అను లెక్కను ఒక్కొక్క ఇంటికి విడివిడిగా చేయవలసియున్నది. ప్రోగ్రామరు ఆ లెక్క చేయు విధానమును ఒక్కసారి వ్రాసి యుంచినచో, కంప్యూటరు వేయి ఇండ్లకైనను దానినే క్షణములో నడిపించును. 'బకాయి యున్నచో నోటీసు తయారుచేయుము, లేనిచో విడిచిపెట్టుము' అనునది షరతు. 'రిజిస్టరులోని చివరి ఇంటివరకు ఇట్లే చేయుము' అనునది ఆవృత్తి. విద్యారంభమున నేర్వవలసినవి ముఖ్యముగా ఇట్టివే.

ఇందు చిక్కులును గలవు. ఊరిలో ఒకే పేరుగలవారు ఇద్దరున్నచో, పేరును బట్టి వెదకు ప్రోగ్రాము ఒకరు చెల్లించిన పన్నును మరియొకరి ఖాతాకు జమకట్టును. అందువలననే పేరును నమ్మక, అసెస్‌మెంటు నంబరును ఆధారముగా గొనవలెను. ఇట్టి తబ్బిబ్బులను ముందే ఊహించుట ప్రోగ్రామరు పనిలో ముఖ్యభాగము. ఊరి లెక్కల నెరిగిన బిడ్డకు ఇది బొత్తిగా పరాయి విద్య కాదు.

ఇక నేర్చుకొను విధానము. 1991లో గిడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ అను భాష క్రొత్తవారికి సులభము, ఉచితముగా లభించును. వెబ్‌సైట్లు తయారుచేయగోరువారికి 1995లో పుట్టిన జావాస్క్రిప్టు అవసరము. ఈ రెంటిలో ఒక్కదానిని పట్టుకొని ఆరునెలలైనను విడువక అభ్యసించవలెను. నెలకొక భాష మార్చువానికి ఏదియు రాదు. పాఠములకు డబ్బు పోయనక్కరలేదు. ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పాఠములు, 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన స్వయం పాఠములు ఇంటర్నెట్టులో ఉచితముగా నున్నవి. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములలో తెలుగున వినదగినవియు గలవు. 2014లో ఆరంభమైన ఫ్రీకోడ్‌క్యాంప్ అభ్యాసములతోగూడ ఉచితముగా నేర్పుచున్నది.

అయితే గట్టున కూర్చుండి ఈత నేర్చినవారు లేరు. పాఠములను ఫోనులో చూచినంత మాత్రమున విద్య రాదు. ప్రతిదినము రెండు గంటలైనను కీబోర్డు ముందు కూర్చుండి వ్రాయవలెను; తప్పు వచ్చినపుడు కంప్యూటరు చూపు ఆంగ్ల వాక్యమును చదివి అర్థము చేసికొనవలెను. కావున ప్రోగ్రాములతోబాటు ఆంగ్లము చదువుటయు అలవరచుకొనవలెను. లినక్సు ఉచితముగా దొరకును గనుక పాత కంప్యూటరైనను ఆరంభమునకు చాలును. ముగ్గురు నలుగురు కలసి నేర్చుకొనినచో ఒకరి సందేహము మరియొకరు తీర్తురు, ఒకరు నిరుత్సాహపడిన మరియొకరు నిలబెట్టుదురు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట, అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు సాధనములు అందరికిని అందుబాటులోనికి వచ్చినవి. వీనిని ఉపాధ్యాయునివలె వాడుకొని సందేహములు తీర్చుకొనుట మంచిది. వ్రాయించుకొని తనదిగా చూపుట మంచిది కాదు. ఇంటర్వ్యూలో 'ఈ పంక్తి ఎందుకు వ్రాసితివి?' అని ప్రశ్నించినపుడు ఆ సాధనము ప్రక్కన నుండదు.

ఉద్యోగ విషయమున నిజము చెప్పవలెను. పెద్ద సంస్థలలో పెక్కింటికి డిగ్రీ కావలెను. కొన్నిటికి మార్కుల నియమమును గలదు. క్రొత్తవారికి తొలి అవకాశము దొరకుట నేడు మరింత కష్టమైనది. అందువలన చదువు మానుకొని ఇందులో దిగుమని మేమెవ్వరికిని చెప్పము. డిగ్రీ చదువుచునే నేర్చుకొనుట మేలు. చిన్న సంస్థలు మాత్రము అభ్యర్థి చేసిన పనిని చూచుట కలదు. నిజముగా పనిచేయు ప్రోగ్రాములు రెండు మూడు తయారుచేసి, 2008లో ప్రారంభమైన గిట్‌హబ్‌లో నుంచినచో, చూడదలచినవారు ఎక్కడినుండియైనను చూడగలరు. పాలకేంద్రపు లెక్కలు, ఎరువుల దుకాణపు నిల్వలు, డ్వాక్రా సంఘపు పొదుపు ఖాతాలు ఇట్టి పనికి తగిన విషయములు. వాడువారు మెచ్చిన చిన్న పని గోడకు తగిలించిన సర్టిఫికెట్టుకన్న మేలు.

పాఠశాల చదువు ముగించినవారికి జీతభత్యములిచ్చి శిక్షణ నొసగు సంస్థలును అరుదుగా గలవు. జోహో సంస్థ 2004 నుండి తమిళనాడులో ఇట్టి పాఠశాలలు నడుపుచున్నది. సాఫ్ట్‌వేరు పరీక్షించు పని, వెబ్‌సైట్ల నిర్వహణ మొదలగు చిన్న మెట్ల నుండి పైకెక్కినవారును ఉన్నారు. ఏడాది, రెండేండ్ల కృషికిని, పెక్కు నిరాకరణలకును సిద్ధపడి బయలుదేరవలెను.

ఇక మీరు ముఖ్యముగా గమనింపవలసినది మోసము. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ సంస్థలకు పేరుగన్నది. అచట నిజాయితీగా బోధించువారును గలరు. కాని 'బ్యాక్‌డోర్' ఉద్యోగమిప్పింతుమని లక్షలు గుంజు దళారులును గలరు. దొంగ అనుభవ పత్రముతో చేరినవాడు, సంస్థ విచారణ జరిపిననాడు ఉద్యోగము పోగొట్టుకొనును. ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. ఉద్యోగమిచ్చు నిజమైన యజమాని అభ్యర్థినుండి డబ్బు పుచ్చుకొనడు. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఎవ్వరివద్దను విడిచిపెట్టరాదు. డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి మన యువకులను కాంబోడియాకు తరలించి సైబరు నేరములు చేయించిన ఉదంతమును 2024లో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిరి. కంప్యూటరు పనియని విదేశమునకు పిలిచినపుడు, పిలిచినవాడెవడో విచారింపక పాసుపోర్టు నిచ్చుట అపాయము. ఆన్‌లైనులో డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పంచాయతీ చేయదగినది కలదు. 1960 నాటి పౌరగ్రంథాలయముల చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లించుచున్నాము. సెస్సు సకాలమున చెల్లించి, దాని ఫలముగా మన గ్రంథాలయమునకు రెండు కంప్యూటర్లు కావలెనని తీర్మానించి కోరుట న్యాయమే. 2011లో మంజూరై, అనంతరము భారత్‌నెట్ అను పేర నడచుచున్న పథకము గ్రామపంచాయతీలకు ఇంటర్నెట్టు తీగను చేర్చుటకే ఏర్పడినది. మీ కార్యాలయమునకు తీగ వచ్చినదా, వచ్చియు పనిచేయుట లేదా అని విచారించి, లోపమున్నచో వ్రాతమూలకముగా తెలియజేయుడు. సాయంకాలము రెండు గంటలు గది తెరచియుంచుడు. ఆడపిల్లలు చీకటిపడకముందే వచ్చి నేర్చుకొని పోవుటకు వేళ ఏర్పరచుడు. ఊరినుండి వెళ్ళి ఈ పనిలో స్థిరపడినవారు పండుగకు వచ్చినపుడు, ఒక పూట పిల్లలతో కూర్చుండి వారి ప్రోగ్రాములను చూడుమని అడుగుడు. దీనికి ఖర్చు లేదు.

రాబోవు సమావేశపు ఎజెండాలో ఈ విషయమును చేర్పుడు. మీ గ్రామమున ఈ విద్య నేర్వగోరు యువతీయువకులెందరు, వారిలో కంప్యూటరు లేనివారెందరు, ఎవరి కుటుంబమైనను దళారికి డబ్బు కట్టబోవుచున్నదా అని తెలిసికొనుడు. ఆ పట్టిక తయారైననాడు తక్కిన పనియంతయు దానంతట అదియే కనబడును.