అదే గాలి, సగము కరెంటు



1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రము పని ప్రారంభించిన పిదప కోయంబత్తూరు మిల్లులకు దాని విద్యుత్తు అందినది. 1937లో జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి దేశములో తొలి స్వదేశీ విద్యుత్ మోటారును ఈ నగరములోనే తయారుచేసిరి. మోటారుకు పుట్టినిల్లయిన ఈ ఊరిలో, ఇంటింటి కప్పుకు వ్రేలాడుచున్న మోటారును గూర్చి ఆలోచించువారు మాత్రము తక్కువ. ఆ మోటారే ఫ్యాను.

పాత సీలింగు ఫ్యాను పూర్తి వేగముతో తిరుగునపుడు సుమారు 75 వాట్లు తీసుకొనును. తిరుగు భాగములో అయస్కాంత శక్తిని పుట్టించుటకే అందులో కొంత వ్యయమై, వేడిగా పోవును. బి.ఎల్.డి.సి. అను కొత్తరకము ఫ్యానులో శాశ్వత అయస్కాంతములు ఉండుటచేత ఆ నష్టము లేదు. సుమారు 30 వాట్లతోనే అంత గాలి వచ్చును. దినమునకు 12 గంటలు తిరుగు ఒక్క ఫ్యానుపై రెండు నెలలలో 32 యూనిట్లు మిగులును. మూడు ఫ్యానులున్న ఇంట ఆదా దాదాపు 97 యూనిట్లు. తమిళనాడు ప్రభుత్వము 2016లో ఇండ్లకు రెండు నెలలకొకసారి ఉచితము చేసినది 100 యూనిట్లు. దానికి ఇంచుమించు సమానమైనది ఇంటి కప్పు క్రిందనే దొరుకుచున్నదన్నమాట.

2023 జనవరి నుండి సీలింగు ఫ్యానులకు స్టార్ లేబులు తప్పనిసరి. కొనునపుడు ధర ఒక్కటే గాక, లేబులును, వాట్లను కూడ చూడవలెను. ఎక్కువసేపు తిరుగు పడకగది ఫ్యానును మొదట మార్చుట మేలు.

ఫ్యాను మార్చినను పై అంతస్తు వారికి ఉక్క తీరదు. పగలంతయు ఎండను పీల్చుకొనిన కాంక్రీటు కప్పు రాత్రి ఆ వేడిని గదిలోనికి వదలును. కప్పుపై తెల్లని సున్నము గాని, ఎండను తిప్పికొట్టు పూత గాని వేసినచో ఆ వేడి తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో దీనికై ప్రత్యేకముగా చల్లని పైకప్పుల విధానమునే ప్రకటించినది.

అద్దె ఇండ్లలో ఇక్కడే చిక్కు. కరెంటు బిల్లు కట్టువారు ఒకరు, కప్పు గలవారు మరొకరు. ఖర్చు తనది, లాభము ఇతరులదని ఇంటివారు ఊరకుందురు. తనది కాని కప్పుకు తానేల పూత వేయించవలెనని అద్దెకున్నవారు ఊరకుందురు. నడుమ వేడిని భరించునది పై గదిలోని పసిబిడ్డ, వృద్ధురాలు. ఫ్యానును అద్దెకున్నవారు కొనవచ్చును. ఇల్లు మారినపుడు అది వెంట వచ్చును. సున్నము ఇంటివారు వేయించవలెను. కప్పు వారికే మిగులును. ఇంత సులభమైన పంపకమునకు ఒక్క సాయంకాలపు మాట చాలును.

ఎ.సి. ఉన్నవారు దానిని 24 డిగ్రీల వద్ద నిలిపి, ఫ్యానును మెల్లగా తిరుగనిచ్చిన చాలును. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది.

జూన్ మొదలు సెప్టెంబరు వరకు పాలక్కాడు కనుమ గుండా పడమటి గాలి ఈ నగరమునకు వచ్చును. దానికి మీటరు లేదు. ఎదురెదురు కిటికీలు తెరచినచో చాలును.