మూత్రపిండ వ్యాధులు – మూలికా వైద్యము

గ్రామ పెద్దలారా,

చిల్లకల్లు మొదలుకొని నందిగామ దాక గల మన మెట్ట పల్లెలలో ఎవరికైనను కాళ్లు వాచి, తెల్లవారుసరికి ముఖము ఉబ్బి, మూత్రము తగ్గినచో, ఆ సంగతి మొదట తెలియునది ఇంటి పెద్దకే. ఆసుపత్రి తరువాతి మాట. అటికమామిడి కూర వండి పెట్టుడనియు, పల్లేరుకాయల కషాయము కాచి యిండనియు పెద్దలు చెప్పుదురు. ఈ సలహా ఎంతవరకు మేలు చేయును, ఎచ్చట ఆగవలెను అను విషయము నేడు మనవి చేసెదను.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునందు, కవిటి, సోంపేట, కంచిలి, పలాస మొదలగు మండలములలో ఎందరో సేద్యగాండ్రు, కూలీలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ వ్యాధికి మూలమేమో శాస్త్రజ్ఞులు నేటికిని నిర్ధారణ చేయలేదు. మనకు మఱింత దాపున, తిరువూరు ప్రక్కనున్న ఎ. కొండూరు మండలపు తండాలలోను ఇదే బాధ కలదు. 2022వ సంవత్సరమున కృష్ణా జిల్లానుండి విడదీసి ఏర్పరచిన ఎన్.టి.ఆర్. జిల్లాలోనే మన గ్రామములును ఆ తండాలును ఉన్నవి. ఆశ కోల్పోయిన రోగికి ఎవరే వేరు చూపినను అమృతమువలె తోచును. అందుచేతనే పెద్దలు ఈ విషయమున జాగరూకులై యుండవలెను.

మూత్రపిండము పిడికెడంత అవయవము. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉండును. రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, కావలసినదానిని తిరిగి రక్తములోనికే పంపి, సుమారు ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా విడుచును. వీని బలము సగము తగ్గినను మనిషికి బాధ తెలియకపోవచ్చును. వాపు కనబడునాటికి వ్యాధి చాల దూరము వచ్చియుండుటయు కలదు.

మన పూర్వులు మూలికల గుణములను శ్రద్ధతో పరిశీలించిరి. చరకసంహితలో మూత్రమును ధారాళముగా వెడలించు పది ద్రవ్యముల వర్గమొకటి చెప్పబడినది. అందు పల్లేరు, పాషాణభేది, దర్భ కలవు. వాపునకు పునర్నవను, అనగా అటికమామిడిని, వైద్యులు నేటికిని వాడుచున్నారు. అయితే మూత్రము వెడలుట వేరు, రక్తము శుద్ధియగుట వేరు. చిల్లగింజను కుండలో అరగదీసినచో బురద అడుగునకు దిగి నీరు తేటపడును. కాని ఆ నీటిలో కరగియున్న ఉప్పు పోదు. అట్లే కషాయముచే వాపు తీసినను, రక్తములో యూరియా, క్రియాటినిన్ అను మలినములు నిలిచియే యుండవచ్చును. వాపు తగ్గినదని సంతోషించి రోగి ఆసుపత్రి మాత్రలు మానివేయుటలో గల ముప్పు ఇదియే.

మనవలెనే మూలికా వైద్యమును వేల యేండ్లుగా కాపాడుకొన్న దేశము చీనా. అచ్చట మూత్రపిండ రోగులకు హువాంగ్‌చీ అను వేరును, దాహువాంగ్ అను దుంపను తఱచుగా ఇచ్చుదురు. ఈ రెండవది మనకు తెలియనిది కాదు. మన దుకాణములలో రేవల్చిన్ని అను పేర అమ్మునది ఆ జాతిదే. అది విరేచనకారి. మూత్రము ద్వారా పోలేని మలినమును మలము ద్వారా వెడలగొట్టవచ్చునని చీనా వైద్యుల యోచన. యోచన చక్కగానే యున్నది. మఱి ఫలితమేమి?

రేవల్చిన్నిని గూర్చి జరిగిన పరీక్షలను 2012లోను, హువాంగ్‌చీని గూర్చిన 22 పరీక్షలను 2014లోను పండితులు ఒకచోట చేర్చి తూచి చూచిరి. హువాంగ్‌చీని తక్కిన చికిత్సతోపాటు ఇచ్చినప్పుడు, మూత్రములో వృథాగా పోవు మాంసకృత్తు తగ్గిన జాడలు కనబడినవి. కాని పరీక్షలు జరిపిన తీరు గట్టిది కానందున ఈ మందులు మూత్రపిండమును కాపాడునని చెప్పుటకు వీలులేదని వారు తేల్చిరి. కనుక మూలికలలో ఆశ యున్నది. రుజువు ఇంకను రావలసియున్నది. చీనా మూలిక యొకదానినుండి తీసిన మలేరియా మందునకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. అది పరీక్షకు నిలిచిన పిమ్మటనే లోకము దానిని గౌరవించినది.

ఇక భయపడవలసిన కథ వినుడు. బెల్జియము రాజధానియగు బ్రస్సెల్స్ నగరములో 1990 మొదలు, లావు తగ్గగోరిన స్త్రీలకు చీనా మూలికలు కలిసిన మందును ఒక వైద్యశాలలో ఇచ్చిరి. అందు ఉండవలసినది హాన్ ఫాంగ్‌జీ; దానికి బదులు గ్వాంగ్ ఫాంగ్‌జీ అను వేరొక వేరు కలిసినది. పేరులో భేదము ఒక్క మాట. ఫలితము నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండములు చెడిపోవుట. సంగతి 1993లో వైద్య పత్రికకెక్కినది. వారిలో అనేకులకు తరువాతి కాలమున మూత్రమార్గములో క్యాన్సరు కూడ పుట్టినది. ఆ వేరు అరిస్టలోకియా అను జాతికి చెందినది. దానిలోని ఆమ్లమే ఇంతటి హాని చేసినది. డాన్యూబు నదీతీరపు పల్లెలలో తరములుగా జనులను పీడించిన మూత్రపిండ వ్యాధికిని, గోధుమ చేలలో మొలచి, గింజలతో కలిసి పిండిలో చేరిన ఈ జాతి కలుపుమొక్కయే కారణమని పిమ్మట తేలినది. ఈ జాతి మొక్కలు గల మూలికా మందులు మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2002లో ప్రకటించినది. 2003లో చీనా ప్రభుత్వమే ఈ జాతికి చెందిన గ్వాన్ ముతోంగ్ అను దినుసును ఔషధముల పట్టికనుండి తీసివేసినది.

పెద్దలారా, ఆ జాతి మనకు పరాయిది కాదు. పాముకాటునకు మందని మన పల్లెలలో చెప్పుకొను ఈశ్వరి వేరు ఆ జాతిదే. నల్లరేగడి చేలలో ప్రాకుచు మొలచి, కడుపులోని పురుగులకు మందని పేరుపడ్డ గాడిదగడపర కూడ ఆ జాతిదే. తాతల నాటినుండి వాడుచున్నాము గదా అని మీరడుగవచ్చును. ఈ విషము తిన్ననాడే చంపునది కాదు. నెలలకో యేండ్లకో మూత్రపిండమును ఎండగట్టును; క్యాన్సరు మఱింత ఆలస్యముగా వచ్చును. నేడు తిన్న వేరునకును, యేండ్ల పిమ్మట వచ్చిన రోగమునకును గల సంబంధము కంటికి కనబడదు. అందువలననే అనుభవజ్ఞులకు సైతము ఈ సంగతి తెలియలేదు. ఈ రెంటిని ఇక ఎవరికిని లోనికి ఇయ్యకుడు. పాము కరచినవానిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుడు.

మఱి కొన్ని జాగ్రత్తలు. మూత్రపిండములు బాగుగా చెడినవానికి మంచి మూలికయు కీడు చేయవచ్చును. కషాయములలోని పొటాషియము బయటికి పోక రక్తములో పెరిగి, గుండెను ఆపగలదు. పాదరసము, సీసము కలిసిన మందులు మూత్రపిండములకు శత్రువులు. చేప పిత్తపుతిత్తిని పచ్చిగా మ్రింగిన మూత్రపిండములు కొలది దినములలోనే పనిమానవచ్చును. ఒళ్లునొప్పులకు అంగడిలో కొని మ్రింగు మాత్రలును విడువక వాడినచో హాని చేయును.

చేయవలసినది కష్టమైనది కాదు. మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏటేట రక్తములో క్రియాటినిన్‌ను, మూత్రములో మాంసకృత్తును పరీక్ష చేయించుకొనవలెను. ఆ రెండు రోగములను అదుపులో నుంచుటయే మూత్రపిండములకు మొదటి రక్ష. మూలిక వాడదలచినవారు పేరు తెలియని పొడి కొనక, చదువుకొన్న ఆయుర్వేద వైద్యుని అడుగవలెను. విజయవాడలో నోరి రామశాస్త్రి పేర ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలయే కలదు. ఏ మూలిక వాడుచున్నదియు ఆసుపత్రి వైద్యునికి దాచక చెప్పవలెను. మందునకు ముందొకసారి, తరువాత నొకసారి రక్తపరీక్ష చేయించినచో, మేలో కీడో ఆ అంకెయే చెప్పును.

మీ మాటకు ఊరిలో విలువ కలదు. కాళ్లు వాచినవాడు మీ యరుగు మీదికి వచ్చి, ఏ వేరు నూరుకొని త్రాగవలెనని యడిగినప్పుడు, ముందుగా రక్తపరీక్ష చేయించుకొని రమ్మని చెప్పుడు. ఆ యొక్క మాట ఒక కుటుంబమును నిలబెట్టవచ్చును.