కేసుల లెక్క చెప్పు, తర్వాతే ఓటు అడుగు!

(అట్రాసిటీ కేసుల బాధితుల సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎమ్మెల్యే మన పేటకు వచ్చినప్పుడల్లా ఒక లెక్క చెప్తాడు. ఇన్ని సిమెంటు రోడ్లు వేయించాం, ఇన్ని పింఛన్లు ఇప్పించాం, అంబేడ్కర్ విగ్రహానికి ఇంత ఇచ్చాం అంటాడు. చెప్పనీండి. ఇంకో లెక్క ఉంది. అది ఆయన చెప్పడు, మనమూ అడగం. మన మీద దాడి చేసినవాళ్ల మీద పెట్టిన కేసులు ఎంతదాకా వచ్చాయి? ఈ లెక్క అడగటం మన హక్కు. ఆ కేసుల మీద కన్నేసి ఉంచటం చట్టం ఆయనకు అప్పజెప్పిన పని. ఆ సంగతి చెప్పడానికే మేం ఈ రోజు మీ ముందు నిలబడ్డాం.

ఈ చట్టం ఎవరి దయవల్లా రాలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ నెత్తుటి మడుగులోంచే దళిత మహాసభ లేచింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవిని వదిలేసి బయటికొచ్చారు. అట్రాసిటీ చట్టం 1989లో చేశారు, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదిన్నర దాటిందో లేదో, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి, కాలవలో పడేశారు. చట్టం పుస్తకంలో ఉంది, మన బిడ్డల శవాలు కాలవలో ఉన్నాయి!

ఆ కేసులు ఏమయ్యాయి? కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు వచ్చింది. 23 ఏళ్లు! ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. సాక్షిగా నిలబడ్డ అలీసమ్మ ఈలోపే హత్యకు గురైంది. చుండూరు బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊరికే రప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

వాయిదా ఎవరికి లాభం? భూమి ఉన్నోడు వందసార్లు కోర్టుకు తిరుగుతాడు. మన సాక్షి ఒక్క వాయిదాకు పోతే ఆ రోజు కూలి పోతుంది. మర్నాడు అదే ఆసామి పొలంలో పనికి పోవాలి. ఈలోగా పెద్దమనుషులు దిగుతారు. "కలిసి బతకాల్సినోళ్లం, రాజీ పడండి" అంటారు. వినకపోతే మన కుర్రాళ్ల మీద ఎదురు కేసు. వాయిదాల్లో సాక్ష్యం చచ్చిపోతోంది. అందుకే త్వరగా విచారించాలని మనం కొట్లాడాం.

కొంత సాధించాం కూడా. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం చార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ ముగియాలి. "వీలైనంతవరకు" అని ఒక మాట అందులో ఉంది. ఆ మాట సందులోంచే మన ఏళ్లకు ఏళ్లు జారిపోతున్నాయి. డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. నిందితుడు బెయిలు అడిగితే బాధితులకు ముందే కబురు రావాలి, వాళ్ల మాట కోర్టు వినాలి. మంచి సీనియర్ వకీలు కావాలని కలెక్టరును అడగొచ్చు.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో ఈ చట్టం కోరలు ఊడినంత పనైంది. ముందు విచారణ, అరెస్టుకు పై అనుమతి కావాలంది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేశాం, ఉత్తరాదిన ప్రాణాలు పోయాయి. ఆ పోరుకే పార్లమెంటు దిగొచ్చి 18-ఎ సెక్షను తెచ్చింది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టూ దాన్ని ఒప్పుకుంది.

ఇప్పుడు ఇంకో ద్వారం తెరిచారు, జాగ్రత్త! 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, ఎఫ్ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేయొచ్చని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను అంటోంది. కులం పేరుతో తిట్టడం, అవమానించడం లాంటి నేరాలకు ఐదేళ్ల దాకా శిక్ష. అంటే ఆ లెక్కలోకే వస్తాయి. పద్నాలుగు రోజులు చాలదా, సాక్షిని బెదిరించడానికి? స్టేషనులో ఈ మాట అంటే గట్టిగా చెప్పండి: అట్రాసిటీ కేసుకు 18-ఎ ఉంది, ముందు విచారణ అక్కర్లేదు, ప్రత్యేక చట్టానిదే పైచేయి.

ఇక ఎమ్మెల్యే దగ్గరికి వద్దాం. 1995 నిబంధనల్లో 17వది చూడండి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు అందులో సభ్యులు. పైన రాష్ట్ర కమిటీకి ముఖ్యమంత్రే అధ్యక్షుడు, అది ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలి. ఎమ్మెల్యే ఆ కమిటీలో చుట్టపుచూపుగా కూర్చునే అతిథి కాదు.

ఆంధ్రలో 29, తెలంగాణలో 19, మొత్తం 48 మంది ఎస్సీ రిజర్వుడు ఎమ్మెల్యేలున్నారు. వాళ్లెందుకు నోరెత్తరు? 1932 పూనా ఒప్పందం నాటి నుంచీ సీటు మనది, గెలిపించే ఓట్లలో ఎక్కువ ఊరివి. ఊరి ఓటుకు భయపడి పేట కన్నీళ్లను మింగేస్తున్నారు. వాళ్ల భయం మాకు తెలుసు. కానీ సాక్షి చెప్పడానికి బోనెక్కిన కూలి మనిషికి అంతకంటే ఎక్కువ భయం ఉంది. అయినా ఎక్కుతోంది కదా!

వర్గీకరణ మీద మనలో మనకు వాదాలున్నాయి, ఉండనీండి. కారంచేడులో చచ్చింది మాదిగలు, చుండూరులో ఎక్కువమంది మాలలు. గొడ్డలికి ఉపకులం తెలియదు. కేసుల దగ్గర మనం ఒక్కటిగా నిలబడాలి.

ఈసారి ఎమ్మెల్యే వస్తే దండ వేయకముందే నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి చేతికివ్వండి. కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? నువ్వు వెళ్లావా? మన మండలంలో ఎన్ని కేసుల్లో 60 రోజులు దాటినా చార్జిషీటు పడలేదు? బాధితులకు రావాల్సిన పరిహారం ఎందరికి ఆగింది? జవాబు రాసి సంతకం పెట్టమనండి. పెడితే ఆ కాగితాన్ని పేట మధ్యలో గోడకు అంటిద్దాం. పెట్టకపోతే ఖాళీ కాగితాన్నే అంటిద్దాం. అందరూ చదువుతారు.

జై భీమ్!