టైరు వయసు



పాత కారు కొనడం వరకూ మగవారి ముచ్చట. కొన్న తర్వాత దాని ఖర్చు మాత్రం మన పోపులడబ్బా దాకా వస్తుంది. అందుకని ఈవేళ మా కారు సంగతి మీతో చెప్పుకుందామనిపించింది. డ్రైవింగు రానివారు కూడా కాస్త ఓపిక పట్టండి. ఇందులో అసలు సంగతికి నడపడం రానక్కరలేదు, వంగి చూడగలిగితే చాలు.

మాది 2002 నాటి హోండా సిటీ, వీటెక్ రకం. 2012లో హైదరాబాదులోనే 1,60,000 రూపాయలకు కొన్నాము. అందులో 40,000 నా చీటీ డబ్బు. నలుగురు హాయిగా కూర్చోవచ్చు, డిక్కీలో రెండు పెట్టెలూ ఆవకాయ జాడీ పడతాయి. చూడడానికి సాధువైన ఇంటి బండే. లోపల మాత్రం 106 గుర్రాల బలం! ఇంజను జోరుగా తిరిగేటప్పుడు వాల్వులు మరింత ఎత్తుకు, మరింత సేపు తెరుచుకునే ఏర్పాటు ఉన్నది. వీటెక్ అంటే అదేనట. 2003లో రూపం మార్చి తెచ్చిన సిటీకి 77 గుర్రాల ఇంజను పెట్టారు. అందుకే కుర్రకారు పాతదానికోసం వెతుక్కుంటారు. మావారు కుర్రకారు కాకపోయినా వెతుక్కున్నారు.

కొనేనాడు మీటరు 78,000 కిలోమీటర్లు చూపించింది. బ్రేకు పెడలు మీది రబ్బరేమో నున్నగా అరిగిపోయి ఉన్నది. "ఏమండీ, తక్కువ తిరిగిన బండికి ఇంత అరుగుదల ఏమిటి?" అన్నాను. ఆయన అప్పటికే స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు, ఇక నా మాట ఎక్కడ వినిపిస్తుంది! నెల తర్వాత సీటు కింద దుమ్ము దులుపుతుంటే పాత సర్వీసు బిల్లు ఒకటి దొరికింది. 2009 నాటికే 91,000 కిలోమీటర్లు! మీటరు వెనక్కి తిప్పి అమ్మారన్నమాట. మీరు మాత్రం సర్వీసు బిల్లులు చూపించమని ముందే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే ఆ బండి మనకు వద్దు.

మొదటి నెలలోనే మావారు కారుకు అలంకారాలు మొదలుపెట్టారు. పాటల పెట్టె, ఇంకా ఎవరో వాడి అమ్మేసిన అల్లాయ్ చక్రాలు, టైర్లతో సహా. మొత్తం 22,000. టైర్ల మీద గాట్లు లోతుగా ఉన్నాయి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. నేను కూడా బాగున్నాయనే అన్నాను. ఆ మాట దాచుకోను.

2013 మే నెలలో విజయవాడలో పెళ్ళికి బయలుదేరాము. సూర్యాపేట దాటాము, మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. ముల్లు 110 దగ్గర ఉన్నది. వెనకసీట్లో మా పాప నా పక్కనే నిద్రపోతోంది, అప్పుడు దానికి ఏడేళ్ళు. ఢామ్మని చప్పుడైంది. వెనక ఎడమ టైరు పగిలింది. బండి గట్టున పడ్డ చేపలా కొట్టుకున్నది. బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగు బిగించి పట్టుకుని మావారు ఎలాగో వేగం తగ్గించారు. డివైడరుకు జానెడు దూరంలో ఆగాము. పాపకు దెబ్బ తగలలేదు. నా చేతులు మాత్రం పెళ్ళిలో అక్షతలు వేసేటప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాయి.

పంక్చరు కొట్టు పెద్దాయన ఆ టైరు పక్కగోడ మీద వేలు పెట్టి చూపించాడు. డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు, 1205. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2005లో పన్నెండో వారంలో తయారైనది. "ఈ టైరు మీ పాపకంటే పెద్దదమ్మా" అన్నాడు ఆయన.

గాట్లు లోతుగా ఉంటే టైరు మంచిదనుకున్నాము. తిరగకుండా మూల పడి ఉన్నా రబ్బరు ఎండిపోతుంది, లోపలి పొరల పట్టు సడలుతుంది. పైపెచ్చు గాలి తక్కువై, ఎండా వేగమూ తోడైతే చెప్పనక్కరలేదు. ఆ నాలుగు అంకెలు ఒక్కోసారి చక్రం లోపలివైపు ఉంటాయి, టార్చి వేసి చూడండి. గాలి ఎంతుండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద రాసి ఉంటుంది. పొద్దున్నే బండి తిరగకముందు కొలిపించాలి, తిరిగి వేడెక్కితే అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఇంటికి వచ్చాక చీటీ డబ్బు లెక్కలో నేను ఒక షరతు పెట్టాను. ముందు బండిని ఆపేవాటికి డబ్బు, పరుగెత్తించేవాటికి తర్వాత. నాలుగు కొత్త టైర్లు వేయించాము. బ్రేకు నూనె గాలిలోని తేమ పీల్చుకుంటుందట, అందుకని రెండేళ్ళకొకసారి మార్పిస్తున్నాము. ఇంజనులో టైమింగ్ బెల్టు అని రబ్బరుది ఒకటుంటుంది. లక్ష కిలోమీటర్లకు మార్చాలన్నాడు మెకానిక్కు. మన మీటరేమో అబద్ధాలకోరు! వెంటనే మార్పించేశాము. అది తెగితే ఇంజను విప్పవలసి వస్తుంది, బెల్టు ఖర్చు దానిముందు ఏపాటిది!

ఒక తప్పు నేనూ చేశాను. రేడియేటరులో కూలెంటు తగ్గినప్పుడల్లా బోరునీళ్ళు పోస్తూ వచ్చాను. మన బోరునీళ్ళకు గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కట్టదూ? అక్కడా అదే కట్టింది. 2015లో ఒకనాడు వేడి ముల్లు ఎర్రగీత దాకా లేచింది. వెంటనే బండి ఆపబట్టి ఇంజను దక్కింది. వేడిమీద ఆ మూత మాత్రం తీయకండి, ఆవిరి పోని కుక్కరు మూతతో సమానం.

కాగితాల మాట ఒకటి. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు, ఆ పైన ఐదేసి ఏళ్ళకు. మేము 2017లో ఒకసారి, 2022లో ఒకసారి చేయించాము. రెండోసారికి రుసుము 600 నుంచి 5,000 అయింది. పాతబండి బేరమాడేటప్పుడు ఇదీ లెక్కలో వేసుకోండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. పాత బండ్ల రబ్బరు పైపులకు అది పడకపోవచ్చు. అందుకని సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా పెట్రోలు పైపులు పగిలాయేమో చూడమని చెబుతాను.

మా పాప ఇప్పుడు కాలేజీ. ఆ కారు మీదే డ్రైవింగు నేర్చుకుంటోంది. మొదటిరోజు తాళంచెవి ఇవ్వకముందు నాలుగు టైర్ల అంకెలూ చదివి నా లెక్కల పుస్తకంలో రాయమన్నాను. రాసింది. స్టెప్నీ మాత్రం నాకు జ్ఞాపకం రాలేదు. అదే డిక్కీ తెరిచి, "అమ్మా, ఇది 2013 ది" అన్నది. వచ్చే నెల సరుకుల పద్దు పక్కన దాని ఖరీదు రాసుకున్నాను.