వ్రాసేవారు, నడిపేవారు

శ్రోతలలో పలువురి ఇండ్లలో సాఫ్ట్‌వేరు వృత్తిలోని పిల్లలు వున్నారు. అర్ధరాత్రి ఫోను మ్రోగగానే వారు నిద్ర లేచి పనికి కూర్చొనడం పెద్దలు ఎరిగినదే. ఈ నిద్రాభంగానికి తరచుగా కారణం యంత్రం కాదు. పనిని పంచుకున్న తీరు.

అనేక సంస్థలలో ప్రోగ్రాములు వ్రాసేవారిది ఒక శాఖ, వాటిని నిత్యమూ నడిపేవారిది మరొక శాఖ. కొత్త సౌకర్యాలు ఎన్ని తెచ్చారని మొదటివారిని అడుగుతారు. పని ఎన్నిసార్లు ఆగిపోయిందని రెండవవారిని అడుగుతారు. కనుక ఒకరు మార్పును కోరుతారు, మరొకరు మార్పుకు జంకుతారు. ప్రసంగం వ్రాసేవారూ ప్రసారయంత్రం చూసేవారూ వేరుగా వున్న మా వృత్తిలో ఈ పేచీ అపరిచితం కాదు.

ఈ ఇరువురినీ ఒకే బాధ్యతకు కట్టుబరచే పద్ధతికి డెవాప్స్ అని పేరు. 2009 జూనులో కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఒక సభ జరిగింది. ఫ్లికర్ సంస్థలో రోజుకు పదికి పైగా మార్పులు విడుదల చేస్తున్నామని జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ అక్కడ వివరించారు. ఆ అక్టోబరులో పాట్రిక్ డెబ్వా బెల్జియంలోని ఘెంట్ నగరంలో జరిపిన సమావేశంతో ఈ పేరు వ్యాప్తికి వచ్చింది.

నిదానమే ప్రధానం గదా, రోజుకు పది మార్పులేమిటి అని సందేహం కలుగవచ్చు. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో జరిగినది చూద్దాము. షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థ ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రామును పెట్టవలసి వుండగా, అది ఏడింటిలోనే చేరింది. చేతితో చేసిన ఆ పనిని మరొకరు సరిచూడలేదు. ఎనిమిదవదానిలో ఏనాడో వాడుక మానిన పాత ప్రోగ్రాము మేల్కొన్నది. మార్కెట్టు తెరవక ముందే 97 ఈ-మెయిళ్ళు దాని జాడ తెలిపినా, వాటిని హెచ్చరికలుగా ఎవరూ గ్రహించలేదు. కంగారులో, సరిగా వున్న ఏడు సర్వర్లనుండి కొత్త ప్రోగ్రామును తొలగించగా కీడు హెచ్చింది. 45 నిమిషాలలో 40 లక్షల లావాదేవీలు జరిగి, నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ మరొకదానిలో కలిసిపోయింది.

ఒక ఉద్యోగిని నిందించి వూరుకుంటే రేపు మరొకరు అదే చోట జారిపడతారు. మార్పు చిన్నదిగా వుండాలి. పరీక్షలు తమంతట తామే జరగాలి. అన్ని సర్వర్లకూ ఒకే విధంగా యంత్రమే దానిని చేర్చాలి. వెనుకకు మరలే దారి ముందే సిద్ధంగా వుండాలి. హెచ్చరిక బాధ్యుడైన మనిషిని చేరాలి. చిన్న మార్పులో తప్పు దొరకడం సులభం. ఆరునెలల పనిని ఒకేసారి విడుదల చేస్తే, తప్పు ఎక్కడున్నదో వెదకడానికే రోజులు పడతాయి.

నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ 2018లో ప్రకటించిన గ్రంథం నాలుగు కొలతలను సూచించింది: ఎంత తరచుగా విడుదల చేస్తున్నారు, మార్పు వాడుకలోకి రావడానికి ఎంతకాలం పడుతున్నది, ఎన్ని మార్పులు చెడుతున్నాయి, చెడినది ఎంతలో బాగవుతున్నది. ఉత్తమ సంస్థలలో వేగమూ నిలకడా కలిసే వుంటాయని వారు తేల్చారు. నిదానం ప్రధానమే, ఆలస్యం విషమే. రెండు సామెతలకూ ఇక్కడ పొత్తు కుదిరినది.

అయితే పనిముట్లు కొన్నంతమాత్రాన ఇది సిద్ధించదు. డెవాప్స్ అని బోర్డు తగిలించి మూడవ శాఖను తెరిస్తే పేచీ ముగ్గురిదవుతుంది. వ్రాసినవారు నడిపేవారి సరసన కొన్నాళ్ళు కూర్చొని, ఆ అర్ధరాత్రి ఫోనులో తామూ వంతు పంచుకోవాలి. అప్పుడు ఆ ఫోను మ్రోగడమే తగ్గుతుంది.